మూడో తుడుపు

ఫిబ్రవరి 3

నా బంగారు తల్లికి,

నీ ఉత్తరం పొద్దున్న పదకొండు గంటలకి అందింది. పన్నెండయ్యేసరికి మన వీధిలో సంగతి తెలియనివాళ్ళు లేరు. ఎదురింటి దర్జీ అయితే "మీ అమ్మాయికి ఉద్యోగం వచ్చిందని మీరు నాతో చెప్పడం ఇది మూడోసారండీ" అన్నాడు. నాలుగోసారి కూడా చెప్పాను. వినడానికి ఆయన సొమ్మేం పోయింది.

ఫోన్ చెయ్యొచ్చు కదా, ఉత్తరం ఎందుకు అన్నావు. ఫోనైతే మీ అమ్మ లాగేసుకుంటుంది. తిన్నావా, నిద్రపోయావా, జుట్టు రాలుతోందా అని తను అడిగి ముగించేసరికి నా సంతోషం చల్లారిపోతుంది. కాగితమైతే నా సొంతం. ఎనిమిదో తరగతి దాకా చదివింది ఇంతకంటే దేనికి పనికొస్తుంది చెప్పు.

టైం ఆఫీసరు. ఆ ముక్క పైకి చదువుకుంటూ ఇంట్లో అటూ ఇటూ తిరిగాను. మన వంశంలో ఇప్పటిదాకా కూర్చుని చేసే ఉద్యోగం ఎవరికీ రాలేదమ్మా. మీ తాత బస్తాలు మోశాడు. నేను నలభై ఏళ్ళు ప్రెస్సు ముందు నిలబడి రేకు పెట్టెలకి మూతలు నొక్కాను. మీ అమ్మ పెయింటు బల్ల దగ్గర నిలబడి ఆ మూతల మీద పువ్వులు వేసింది. నీకు కుర్చీ ఇచ్చారా? చేతులున్న కుర్చీయా, లేనిదా? వివరంగా రాయి, దర్జీ అడుగుతున్నాడు. ఆయన అడక్కపోయినా నేను చెప్పాలి కదా.

మా ఫ్యాక్టరీలో గడియారం గేటు దగ్గర గాజు పెట్టెలో ఉండేది. దాని తాళంచెవి ఎవరి దగ్గరుంటే ఆయనే సైరను మోగించేవాడు. అంతమంది కదలడం, ఆగడం ఆయన బొటనవేలి కింద ఉండేది. ఇప్పుడా బొటనవేలు మా అమ్మాయిదన్నమాట. నాదొక్కటే విన్నపం తల్లీ. భోజనం సైరను ఒక్క నిమిషం ముందు మోగించు, పని సైరను ఒక్క నిమిషం వెనక మోగించు. అందరూ మనసులో దీవిస్తారు, ఎవడికీ సాక్ష్యం దొరకదు.

గాల్లో తేలుతున్న
మీ నాన్న

ఫిబ్రవరి 14

నాన్నా,

కుర్చీ ఇచ్చారు, చేతులున్నదే. కానీ దాంట్లో కూర్చునే తీరిక లేదు. దర్జీ గారికి ఈ రెండో వాక్యం కూడా చెప్పు.

సైరను మోగించేది నేను కాదు, అది దానంతటదే మోగుతుంది. నా చేతిలో ఉండేది స్టాప్‌వాచీ. ఒక అట్ట, దానికి క్లిప్పు, గళ్ళ ఫారం. పనిచేసేవాళ్ళ వెనక నిలబడి ఏ కదలికకి ఎన్ని సెకన్లు పడుతోందో రాసుకోవాలి. దాన్నిబట్టి మనిషి రోజుకి ఎన్ని చెయ్యాలో మేనేజరు గారు తేలుస్తారు.

ఇక్కడ బిస్కట్లు పోసే రేకు డబ్బాలు చేస్తారు. అవన్నీ ఓడెక్కి పోతాయి, ఇక్కడి పిల్లలు ఆ డబ్బా మొహం కూడా చూడరు. మూతల వరసలో ఇరవై నాలుగుమంది ఆడవాళ్ళు, అందరూ తొక్కుడు ప్రెస్సుల మీద. నేను వెళ్ళేసరికి అప్పటిదాకా గలగలమంటున్న వరస గమ్మున అయిపోతుంది. అందరికంటే పెద్దావిడని పెద్దక్క అంటారు. ఆవిడకి ఇంచుమించు అమ్మ వయసుంటుంది. నన్ను 'అమ్మగారూ' అంటుంది. అలా అనొద్దండీ అంటే "సరే అమ్మగారూ" అంది.

ఒక మూతకి ఇరవై ఒక్క సెకన్లు పడుతోంది. కొనేవాళ్ళు చెప్పేదేంటంటే ఇంకో దేశంలో పన్నెండు సెకన్లకే చేస్తున్నారట. మేం దిగకపోతే ఆర్డరు అటు పోతుందట. అందుకని 'వృథా కదలికలు' కనిపెట్టమని నన్ను పెట్టారు. ఆరు నెలలు నా పని చూసి ఉద్యోగం ఖాయం చేస్తారు.

నాకు ఒకటి అంతుబట్టడం లేదు. మూత తీశాక కింద ఉన్న అచ్చుని గుడ్డతో తుడుస్తారు. ఒకసారి కాదు, మూడుసార్లు. ఇరవై నాలుగుమందీ సరిగ్గా మూడే. ఎందుకని అడిగితే "నాణ్యత కోసం అమ్మగారూ" అని ఒకటే పాట. నువ్వు చేసింది అలాంటి ప్రెస్సు మీదే కదా. ఏంటది?

నీ కూతురు

ఫిబ్రవరి 22

నా చిట్టి ఆఫీసరమ్మకి,

నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానంటే మీ అమ్మ నాకేదో వచ్చిందనుకుని చెంబుతో నీళ్ళు పట్టుకొచ్చింది. తాగి మళ్ళీ నవ్వాను.

నువ్వు గడియారం మనిషివా తల్లీ? మా దగ్గర ఒకాయన ఉండేవాడు, గడియారం మావయ్య అనేవాళ్ళం. ఆయన వెనకాల నిలబడితే మేమేం చేసేవాళ్ళమో చెప్పమంటావా? ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నా సొంత కూతురు అడిగింది, నా పనితనం గురించి అడిగింది, ఇంక ఆగుతానా.

ఆయన బూట్లు కిర్రుకిర్రుమనేవి. ఆ చప్పుడు వినపడగానే గుమ్మం దగ్గరవాడు పానా కింద పడేసేవాడు. అది మాకు సైగ. అంతే, అందరికీ ఒక్కసారిగా నాణ్యత మీద భక్తి పుట్టుకొచ్చేది. మూత ఎత్తి వెలుతురుకి పట్టి, ఒక కన్ను మూసి చూడ్డం. ఉఫ్ అని ఊదడం, లేని దుమ్ముని. వంగి కింద వెతకడం, పడని మేకుని. ఇక తుడుపుల సంగతి. మొదటి తుడుపు రేకు పొడికి. రెండోది నూనెకి. మూడోది గడియారం మావయ్యకి. ఆ మూడో తుడుపు కనిపెట్టింది ఎవరనుకున్నావు? మీ నాన్నే. గుడ్డ వేలాడదీసే మేకు కూడా కావాలనే అచ్చుకి మూరెడు దూరంలో కొట్టాను, చెయ్యి పోయి రావడానికి ఇంకాస్త పట్టాలని. ఆయన ఆ ఫారం మీద 'శుభ్రత' అని రాసుకుని, మమ్మల్ని మెచ్చుకుని వెళ్ళేవాడు.

మా దగ్గర చేసినవాళ్ళెవరో అటువైపు వచ్చి మీవాళ్ళకి నేర్పి ఉంటారు. చూశావా, మీ నాన్న చదువు ఎనిమిదే గానీ ఆయన పాఠం ఎంత దూరం పోయిందో.

ఇంకో రహస్యం. ఆ మూడో తుడుపులోనే నేను పెయింటు బల్ల వైపు చూసేవాణ్ణి. మీ అమ్మ కుంచె ఆగేది. ఈ మాట రాస్తున్నానని చెబితే "పిల్లకి రాసే మాటలేనా ఇవి" అని కసిరింది, కానీ కాగితం మాత్రం లాక్కోలేదు.

ఇంకేమైనా కావాలంటే అడుగు. నా దగ్గర ఇలాంటివి బోలెడున్నాయి.

పొంగిపోతున్న
మీ నాన్న

మార్చి 19

నాన్నా,

నువ్వు రాసినవన్నీ ఒక్కొక్కటే సరిచూశాను. వెలుతురుకి పట్టడం, ఊదడం, వంగి వెతకడం, అన్నీ ఉన్నాయి. ఇక్కడ పానా బదులు ఒకావిడ దగ్గుతుంది. నువ్వు చెప్పకపోతే ఆవిడకి మందు కొనిచ్చేదాన్ని.

అవన్నీ ఫారంలో 'వృథా' గడిలో వేశాను. మూడో తుడుపు తీసేసి, గుడ్డ మేకు అచ్చు పక్కనే కొట్టమని రాశాను. లెక్క ఇరవై ఒకటి నుంచి సరిగ్గా పన్నెండుకి దిగింది. మేనేజరు గారు రిపోర్టు పట్టుకుని లేచి నిలబడ్డారు నాన్నా. నలుగురు గడియారం మనుషులు మారినా దొరకనిది నీకెలా దొరికిందమ్మా అన్నారు. మా నాన్న చెప్పారండీ అన్నాను. ఇప్పుడు ఆఫీసులో దాన్ని 'నాన్న పద్ధతి' అంటున్నారు. ఉద్యోగం దాదాపు ఖాయమైనట్టే.

వచ్చే నెలాఖరుకి కొత్త లెక్క అమల్లోకి వస్తుంది. అప్పుడు వరసలో ఇరవై నాలుగుమంది అక్కర్లేదు, పదహారుమంది చాలట. మిగతా ఎనిమిదిమందికీ వేరే పని చూపిస్తారనుకుంటా. అడగాలి.

పెద్దక్క ఇప్పుడు నన్ను 'అమ్మగారూ' అనడం లేదు. ఏమీ అనడం లేదు.

నీ కూతురు

మార్చి 28

నా తల్లికి,

ఈ ఉత్తరం సంతోషంతోనే మొదలుపెడుతున్నాను, ఎందుకంటే మొన్న సాయంత్రం దాకా నేను సంతోషంగానే ఉన్నాను. నీ కాగితం టీ కొట్టుకి పట్టుకెళ్ళి పాతవాళ్ళందరి ముందూ పైకి చదివాను. 'నాన్న పద్ధతి' అన్న చోట ఆగి, టీ గుక్క వేసి, మళ్ళీ చదివాను.

తొమ్మిదివేళ్ళ బాబాయి లేచి నిలబడ్డాడు. గ్లాసులో సగం టీ ఉంది. ఆ మనిషి గ్లాసులో చుక్క వదలడం నేనెప్పుడూ చూడలేదు.

"ఒరే, మూడో తుడుపు ఎందుకు పెట్టావో చెప్పు" అన్నాడు.

"గడియారం మావయ్యని ఏడిపించడానికి" అన్నాను.

కుడిచెయ్యి తెచ్చి నా కాగితం మీద పెట్టాడు, చూపుడువేలు లేని చెయ్యి. "దీన్నడుగు" అని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. ఇవాళ్టికి మూడో రోజు.

అమ్మలూ, నేను నీకు సగమే చెప్పాను. దాచి కాదు, మర్చిపోయి. నువ్వు పుట్టకముందు ఒక ఏడాది పెద్ద ఆర్డరు వచ్చింది. రోజుకి చెయ్యాల్సిన మూతలు పెంచారు. తొందరలో చేతికంటే కాలు ముందుంటుంది. చెయ్యి అచ్చులో ఉండగానే కాలు తొక్కేసింది. బాబాయి వేలు అలా పోయింది. ఆ పక్క ప్రెస్సు నాదే. మర్నాడు నేనే సుత్తి పట్టుకుని ప్రతి ప్రెస్సుకీ మూరెడు దూరంలో మేకు కొట్టి గుడ్డ వేలాడదీశాను. గుడ్డ తగిలించాలంటే చెయ్యి అచ్చు వదిలి రావాలి. మూడో తుడుపయ్యి గుడ్డ మళ్ళీ మేకుకి చేరితే గానీ కాలు కదపకూడదని మాలో మేం ఒట్టు పెట్టుకున్నాం. అదీ మూడో తుడుపంటే. ఆ తర్వాత ఇంకొక వేలు పోలేదు.

గడియారం మావయ్యకి వేళ్ళ కోసమని చెప్పి చూశాం. ఆ ఫారంలో వేళ్ళకి గడి లేదన్నాడు. నాణ్యత అని చెబితే వెంటనే రాసుకున్నాడు. అది చూసి నవ్వడం మొదలుపెట్టాం. నవ్వీ నవ్వీ, అసలు సంగతి జారిపోయి నవ్వొక్కటే మిగిలింది నా దగ్గర. నీకు ఆ నవ్వే పంపాను.

ఇంకోటి అడుగుతాను, తెలియక అడుగుతున్నాను. మిగిలే ఆ తొమ్మిది సెకన్లు ఎటు పోతాయమ్మా? పెద్దక్క వాటిని కొంగున కట్టుకుని ఇంటికి తీసుకెళ్తుందా? సాయంత్రం ముందుగా వదిలేస్తారా? ఆ ఇంకో దేశంలో పన్నెండే పడుతుందన్నావు. అక్కడా ఎవరి కూతురో గడియారం పట్టుకుని నిలబడి ఉంటుంది. వాళ్ళ నాన్న కూడా నాలాంటి వాగుడుకాయే అయ్యుంటాడు.

ఫారంలో కొట్టేసిన ఆ మూడో తుడుపుని మళ్ళీ చేర్చెయ్యి తల్లీ. ఒక్క గీతే కదా.

మీ నాన్న

ఏప్రిల్ 9

నాన్నా,

ఒక్క గీతే కదా అని ఎంత తేలిగ్గా రాశావు. ఫిబ్రవరిలో అది దొంగ ఎత్తు అన్నావు. ఇప్పుడు అది బాబాయి వేలు అంటున్నావు. రెండూ నువ్వే, రెండూ అదే చేతిరాత. నేను రెండు నెలల్లో రెండుసార్లు నిన్ను నమ్మాను.

అయినా మేనేజరు గారి దగ్గరికి వెళ్ళాను. లెక్క తప్పండీ, ఆ తుడుపు చేతి కోసం అన్నాను. "నాణ్యత కోసమన్నారు, తర్వాత వృథా అన్నారు, ఇప్పుడు చేతి కోసమా? ఈ గుడ్డ రోజుకో వేషం వేస్తోందే" అని నవ్వారు. ఆ ఎనిమిదిమందికీ వేరే పనేమీ లేదట. జాబితా కూడా చూపించారు. పెద్దక్క పేరు మొదటే ఉంది, వయసుని బట్టి రాశారు.

నేను వాదించేసరికి ఆయనకి ఒక ఆలోచన వచ్చింది. నాన్న పద్ధతి అన్నాం కదా, ఆ నాన్ననే పిలిపిద్దాం, నలభై ఏళ్ళ అనుభవం ఉన్న చెయ్యి పన్నెండు సెకన్లలో చేసి చూపిస్తే ఇక ఎవరూ నోరెత్తరు అన్నారు. రైలు టిక్కెట్టు దీంతో పాటే పంపుతున్నాను. ఏప్రిల్ 28న వరస మధ్యలో నిన్ను నిలబెడతారు. గడియారం ఆయనే పట్టుకుంటారు, నేను పక్కన రాసుకోవాలి.

నువ్వు పన్నెండులో చేస్తే ఆ ఎనిమిదిమందీ ఇంటికి. చెయ్యలేకపోతే నా రిపోర్టు తప్పని తేలుతుంది, నా ఉద్యోగం ఏమవుతుందో తెలీదు. ఎలా చెయ్యమంటావని మాత్రం నన్ను అడక్కు. ఆఫీసరుగా ఒక మాట చెప్పాలి, నీ కూతురిగా ఇంకో మాట చెప్పాలి. రెండూ ఒకే ఉత్తరంలో పట్టవు.

ఇస్త్రీ చేసిన చొక్కా తెచ్చుకో.

నీ కూతురు

ఏప్రిల్ 17

నా బంగారానికి,

నీకు కోపం వచ్చింది, రావాలి. నా మీద నాకూ వచ్చింది. కానీ నిజం చెప్పొద్దూ, టిక్కెట్టు చూసేసరికి సగం కోపం రైలెక్కేసింది. నా పేరు అచ్చులో, బెర్తు నంబరుతో. నన్ను పనికి పిలిచి ఎన్నేళ్ళయింది. దర్జీ కొత్త చొక్కా కుట్టాడు, జేబు రెండువైపులా పెట్టమన్నాను. ఎందుకని అడిగాడు. మేనేజరు ముందు నిలబడేటప్పుడు రెండు చేతులకీ చోటుండాలి అన్నాను.

ఎలా చెయ్యాలని నిన్ను అడగను. కానీ ఒక మాట నీకు చెప్పకపోతే నాకు ఊపిరాడదు. నలభై ఏళ్ళలో నా చెయ్యి ఎంత వేగమో ఒక్కళ్ళకీ చూపించలేదు తల్లీ. చూపిస్తే మర్నాటి నుంచి అదే అందరి లెక్క అయిపోతుంది. పాడేవాడు నలుగురిలో పాడతాడు, పరిగెత్తేవాడు మైదానంలో పరిగెత్తుతాడు. నేను ఉన్న పనితనం లేనట్టు నటించి, మెల్లగా నడిపించి, అలాగే పదవీ విరమణ చేశాను. పూలదండ వేసిన రోజు మా యజమాని 'నిదానస్తుడు' అని మెచ్చుకున్నాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలో గుచ్చుకుంటుంది. నాకు నా వేగమెంతో సరిగ్గా తెలీదు. చీకట్లో అద్దం చూసుకున్నట్టే.

ఇప్పుడు పిలిచి చూపించమంటున్నారు. అదీ నీ ముందు.

తొమ్మిదివేళ్ళ బాబాయి నిన్న మన గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి రాలేదు. "వెళ్తున్నావటగా. కూతురు చూస్తుంటే నువ్వు ఆగలేవు, నాకు తెలుసు" అన్నాడు. మీ అమ్మ లోపల్నుంచి "నేను చూస్తుంటేనే ఆగేవాడు కాదు" అంది. ఇద్దరూ ఒకటైపోయి నవ్వారు. నేను నవ్వలేదు.

28న స్టేషనుకి రావద్దు. ఆఫీసరువి, ఎండలో నిలబడకూడదు.

మీ నాన్న

మే 3

నా తల్లికి,

క్షేమంగా చేరాను. క్షేమమేగానీ తల ఎత్తుకోలేకపోతున్నాను. వయసైపోయిందమ్మా, చెయ్యి మాట వినలేదు. నిన్ను నలుగురిలో చిన్నబుచ్చాను.

ఆ ప్రెస్సు నాకు కొత్త, కుదురుకోవడానికి టైం పట్టింది. కళ్ళజోడు మసకగా ఉంది, తుడుచుకోక తప్పలేదు. మేనేజరు గారు "కానివ్వండి" అన్నప్పుడల్లా మర్యాదకి పని ఆపి, ఆయన వైపు తిరిగి "చిత్తం" అనాల్సొచ్చింది. పెద్దమనిషి మాట్లాడుతుంటే మొహం తిప్పుకుని పని చేసుకోవడం నాకు చేతకాదు. గుడ్డ రెండుసార్లు జారిపోయింది. మూత వెలుతురుకి పట్టి చూస్తుంటే ఎంత బాగా చేశారో అనిపించి అలా చూస్తుండిపోయాను. ఇరవై మూడు సెకన్లన్నారు. ఇంకోసారి చేయించారు, ఇరవై నాలుగు. మూడోసారి ఆయనే వద్దన్నారు.

నువ్వు తల వంచుకుని ఫారం మీద రాసుకుంటున్నావు. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. ఇలాంటి ముసలాణ్ణి నమ్ముకుని రిపోర్టు రాశానే అనుకుని ఉంటావు. అనుకో, నాకేం బాధ లేదు. కొద్దిగా ఉంది.

ఉద్యోగం మాట ఏమైందో వెంటనే రాయి. ఆ కుర్చీ తీసేస్తే ఇంటికొచ్చెయ్యి. మన ఇంట్లో చేతుల్లేని కుర్చీలు రెండున్నాయి.

మీ నాన్న

మే 15

నాన్నా,

నేను నీ వైపు చూడనిది సిగ్గుతో కాదు. చూస్తే నవ్వొచ్చేది. కళ్ళజోడు మూడుసార్లు తుడుచుకున్నావు. దానికి మా ఫారంలో గడి లేదు, 'ఇతరములు'లో వేశాను. మేనేజరు గారి వైపు తిరిగి చిత్తం అన్నది పదకొండుసార్లు. పదకొండోసారి ఆయనే నీకు చిత్తమన్నారు.

నువ్వు వెళ్ళాక గదిలోకి పిలిచారు. "మీ నాన్నగారి గురించి ఎక్కువ విన్నానమ్మా. మామూలు నిదానస్తుడు" అన్నారు. జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. మింగాను. నువ్వు ఎన్నేళ్ళు మింగావో అప్పుడు కొంచెం తెలిసింది.

నా రిపోర్టు నేనే తిరగరాశాను. మూడో తుడుపు దగ్గర 'వృథా' కొట్టేసి 'చెయ్యి అచ్చులోంచి బయటికి వచ్చే సమయం, తీసెయ్యకూడదు' అని రాసి సంతకం పెట్టాను. బాబాయి సంగతి పేరు లేకుండా కింద రాశాను. ఫారంలో గడి లేకపోతే పక్కన గీసుకోవచ్చని ఇప్పుడే తెలిసింది. ఆయన రెండుసార్లు చదివారు. పాత లెక్కే ఉంచమన్నారు. ఎనిమిదిమందీ ఉన్నారు. కొనేవాళ్ళు ఈ ఏడాదికి సరేనన్నారట, వచ్చే ఏడాది సంగతి వచ్చే ఏడాది. నాకు మాత్రం మొదటి రిపోర్టు తప్పు రాసినందుకు ఇంకో ఆరు నెలలు చూస్తామన్నారు. కుర్చీ ఉంది.

ఇంకో మాట. పరీక్ష అయ్యాక భోజనం సైరను మోగింది. మేనేజరు గారు, నేను వెళ్ళిపోయామనుకున్నావు. ఆయన వెళ్ళారు. నేను అట్ట రేకుల స్టోరులో మర్చిపోయి వెనక్కొచ్చాను. అక్కడి కిటికీలోంచి మూతల వరస కనిపిస్తుంది.

పెద్దక్క నీతో ఏదో అంది. "తాతా" అన్నట్టు పెదాలు కదిలాయి. నువ్వు కొత్త చొక్కా విప్పి మేకుకి తగిలించావు. గుమ్మం దగ్గర ఒకావిడ కాపలా నిలబడింది. మిగతావాళ్ళందరూ చుట్టూ చేరారు.

నాన్నా, నేను పుట్టినప్పటి నుంచి నిన్ను చూస్తున్నాను, ఆ మనిషిని ఎప్పుడూ చూడలేదు. చేతులు కనిపించనంత వేగం. మూతలు వాటంతటవే వచ్చి పేర్చుకుంటున్నట్టున్నాయి. ఆడవాళ్ళు నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నేను మాత్రం నీ వేళ్ళ కోసమే వెతుకుతున్నాను. ఆ కాస్తసేపూ నువ్వు గుడ్డ ముట్టుకోలేదు. ఇంకెప్పుడూ అలా చెయ్యకు.

సరిగ్గా ఒక నిమిషం చేసి ఆపేశావు. ఒక నిమిషమని ఎలా తెలుసంటావా. మేనేజరు గారు తిరిగిచ్చిన స్టాప్‌వాచీ నా చేతిలోనే ఉంది. అలవాటుకొద్దీ వేలు నొక్కేసింది. మూతలు కూడా లెక్కపెట్టాను. ఫారంలో రాయలేదు. ఎక్కడా రాయలేదు.

ఇప్పుడు పెద్దక్క నన్ను 'అమ్మాయ్' అంటోంది.

నీ కూతురు

మే 24

నా తల్లికి, నా ప్రాణానికి, నా ఆఫీసరమ్మకి,

నువ్వు చూశావు. ఉత్తరం ఆ ముక్క దగ్గరే పట్టుకుని పెరట్లోకి వెళ్ళిపోయాను. మీ అమ్మ వెనకే వచ్చి ఏమైందంది. చూసిందట అన్నాను. ఎవరు, ఏం చూసింది అంది. నాకు మాట రాలేదు. నాకు మాట రాకపోవడం ఏంటని ఆవిడ భయపడి దర్జీని పిలిచింది.

ఆరు నెలలు చూస్తామన్నారా, చూడనీ. నువ్వు పక్కన గడి గీసుకున్న దానివి. తొమ్మిదివేళ్ళ బాబాయికి నీ ఉత్తరంలో ఆ ముక్క చదివి వినిపించాను. నా టీ కూడా ఆయనే చెప్పాడు, చక్కెర ఎక్కువేయించి.

వేళ్ళ గురించి నువ్వు తిట్టింది నిజమే. ఆ ఆడవాళ్ళకీ అదే చెప్పాను, ఇది చూడ్డానికే గానీ చెయ్యడానికి కాదమ్మా అని. పెద్దక్క "మాకు చేతకాక కాదు తాతా" అంది. అని నన్ను పక్కకి జరగమని, తనే ప్రెస్సు ముందు నిలబడి చేసి చూపించింది. అప్పటికి నువ్వు కిటికీ దగ్గర్నుంచి వెళ్ళిపోయి ఉంటావు. నాకంటే వేగం. ఆవిడకి కూడా చూసేవాళ్ళు కావాలి కదా.

ఇంక అసలు సంగతికి వస్తాను. లెక్కపెట్టానన్నావు.

ఎన్ని?

ఈ రెండక్షరాలు రాసి గంటయింది. కొట్టేద్దామనుకుని కొట్టెయ్యలేక ఉంచేశాను. నాకు ఎంత తెలుసుకోవాలనుందో నీకు తెలుసు. నలభై ఏళ్ళ చేతికి ఒక్క అంకె. కానీ ఆ అంకె కాగితం మీద పడిందంటే ఎప్పటికైనా ఎవరో ఒకరి కంట్లో పడుతుంది. ఒక ముసలాడే ఇన్ని చేస్తే మీకేం రోగం అంటారు. మన ఇంటి పేరు మీద ఇంకో పద్ధతి వెలుస్తుంది. అందుకని రాయొద్దు.

సెలవులకి వచ్చినప్పుడు చెవిలో చెబుతానంటావేమో, అదీ వద్దు. చెబితే నేను టీ కొట్టు దాటేలోపు అందరికీ తెలిసిపోతుంది. నా సంగతి నీకు తెలియంది కాదు. నేను ఎంత బతిమాలినా, మీ అమ్మ చేత చెప్పించినా, జ్వరమొచ్చిందని అబద్ధం రాసినా చెప్పకు. అలా బతిమాలే ఉత్తరాలు కొన్ని ముందు ముందు వస్తాయి. చించెయ్యి.

ఒక్కటి మాత్రం చెప్పు, అంకె వద్దు. బాగుందా?

మీ నాన్న